బిళ్ళగన్నేరు ఆకు రసమూ విన్‌క్రిస్టీన్ ఇంజెక్షనూ ఒకటేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది గాజువాక. అక్క కొడుకు ఏడేళ్ళవాడు, రక్త క్యాన్సర్‌కి కీమో నడుస్తోంది, వారానికోసారి విన్‌క్రిస్టీన్ ఇస్తున్నారు. అది బిళ్ళగన్నేరు నుంచే వస్తుందని ఎవరో చెప్పారు. ఆ మొక్క మీ గుమ్మం పక్కనే విరగబూసి ఉంది. రోజూ రెండు చెంచాల ఆకు రసం పడితే తప్పేంటి? మొక్క మందు కణంలోని ప్రొటీన్‌కి అతుక్కుని పనిచేస్తుందంటారు, అదెలా? మొక్కదే అయితే ఈ మలబద్ధకం, నీరసం ఎందుకు? వీటి మధ్యలో ఇంకో మాట కూడా రాశారు: వారం రోజులుగా పిల్లాడి కాలి చెప్పు నడుస్తుంటే జారిపోతోందని, అల్లరికి వదిలేస్తున్నాడని తిడుతున్నామని.

ముందు జవాబు చెప్పేస్తాను. రసం ఇవ్వకండి, ఒక్క చెంచా కూడా. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఎన్నాళ్ళు, ఎంత ఇచ్చారో డాక్టరుకి దాచకుండా చెప్పండి. కసురుకుంటే కసురుకుంటారు, పడండి. చెప్పు జారే సంగతి మాత్రం వచ్చే విజిట్ దాకా ఆపకండి, రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి. అది అల్లరి కాకపోవచ్చు. ఎందుకో చివర్లో రాస్తాను, కానీ దానికి ముందు మందు ఎలా పనిచేస్తుందో తెలియాలి.

నేను విశాఖలో ఇరవై రెండేళ్ళుగా కీమో మందులు కలిపే ఫార్మసిస్టుని. డాక్టర్ని కాదు. మీ వాడి ఫైలు నేను చూడలేదు, కాబట్టి ఇక్కడ రాసేది మందు గురించి. వాడికి ఏం చేయాలన్నది వాడి డాక్టరు చెప్పాలి.

బిళ్ళగన్నేరు కథతో మొదలెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. మన దగ్గర షుగర్‌కి ఈ ఆకు నమిలేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కదా. సరిగ్గా అదే వాడకం జమైకాలో కూడా ఉండేది. 1950ల్లో ఆ ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త దగ్గరికి చేరాయి, షుగర్ తగ్గిస్తుందేమో చూడమని. ఎలుకలకి నోటి ద్వారా ఇస్తే షుగర్ పెద్దగా కదల్లేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. వాటి రక్తంలో తెల్ల కణాలు పడిపోయాయి. తెల్ల కణాలను పడగొట్టేది, అవే విచ్చలవిడిగా పెరిగే రక్త క్యాన్సర్‌లో పనికిరాదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958లో ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే మందుని వేరుచేసి ప్రకటించారు. దాని తమ్ముడే విన్‌క్రిస్టీన్, 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు జరిగింది వేరు, సూదితో ఎక్కించినప్పుడు జరిగింది వేరు. అదే మొక్క, అవే ఎలుకలు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టీన్ ఆకులో అంతకన్నా తక్కువ. అందుకే ఫ్యాక్టరీల్లో విన్‌బ్లాస్టిన్‌ని తీసి దాన్నే కొద్దిగా మార్చి విన్‌క్రిస్టీన్ చేస్తారు. ఆ శుద్ధి ఎంత పనో పరవాడ ఫార్మా సిటీలో పనిచేసేవాళ్ళు మీ చుట్టాల్లో ఉంటే అడగండి. మీ వాడికిచ్చే డోసు చదరపు మీటరు శరీర వైశాల్యానికి 1.5 మిల్లీగ్రాములు, ఎంత పెద్దవాళ్ళకైనా సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వం. ఏడేళ్ళ పిల్లాడికి అటూ ఇటూగా 1.3 వస్తుంది. ఒక బియ్యపు గింజ బరువు 20 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అందులో పదిహేనో వంతు! అంత చిన్న మోతాదు దగ్గర కాస్త తగ్గితే పని చేయదు, కాస్త పెరిగితే నరాలు పట్టేస్తుంది. రెండు చెంచాల రసంలో ఎంత ఉందో ఎవరు తూచారు? పైగా ఆ ఆకులో ఇదొక్కటే లేదు, ఆల్కలాయిడ్లు అనే మొక్క రసాయనాలు నూటికి పైగా ఉన్నాయి. కొన్ని షుగర్ మీద, కొన్ని బీపీ మీద పనిచేస్తాయి. మేకలు కూడా ముట్టని మొక్క అది, ఊరికే కాదు.

సరే, ప్రొటీన్‌కి అతుక్కోవడం అంటే ఏమిటి?

బీచ్ రోడ్డులో పొద్దున్నే జాలర్లు అలివి వల లాగడం చూసే ఉంటారు. తాళ్ళు లేకపోతే అంత పెద్ద వల కదలదు. కణం రెండుగా చీలేటప్పుడు కూడా ఇలాంటి లాగుడే ఉంటుంది. క్రోమోజోములు ముందు రెట్టింపవుతాయి, తర్వాత వాటిని సరిసమానంగా అటు సగం, ఇటు సగం లాగాలి. ఆ లాగే తాళ్ళ పేరు మైక్రోట్యూబ్యూల్స్. ఒక్కోటి మన వెంట్రుక మందంలో మూడువేలో వంతు ఉంటుంది. ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ పూసలు ఒకదానికొకటి గుచ్చినట్టు పేర్చుకుని, అలాంటి పదమూడు వరసలు చుట్టూ చేరి, లోపల బోలుగా ఉండే గొట్టం అవుతుంది. ఈ తాడు ఒకసారి పేని అటక మీద పెట్టుకునేది కాదు. కొసన పూసలు చేరుతూ ఉంటాయి, ఊడుతూ ఉంటాయి. ఆ చేరడం, ఊడడం ఆగకుండా జరిగితేనే లాగుడు సాగుతుంది.

విన్‌క్రిస్టీన్ వెళ్ళి సరిగ్గా రెండు పూసల మధ్య సందులో కూర్చుంటుంది. వడ్రంగి అతుకులో చీల కొట్టినట్టు. దాంతో పూసలు వంకర తిరిగి, నిటారుగా చేరవు. తాడు పెరగదు. క్రోమోజోములు నడిమధ్యలో నిలబడిపోతాయి, కణం చీలలేదు, అలా ఇరుక్కుపోయిన కణం చాలావరకు తనంతట తానే చచ్చిపోతుంది. ఆ చీల ఎక్కడ, ఏ కోణంలో కూర్చుంటుందో దీని అన్న విన్‌బ్లాస్టిన్‌తో 2005లో స్ఫటికాల చిత్రాలు తీసి చూపించారు. అంతకు ముందు మేం కాలేజీలో దీన్ని బొమ్మ లేకుండానే చదువుకున్నాం, నమ్మకం మీద.

ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. మీరు వినే ఉంటారు, రొమ్ము, అండాశయ క్యాన్సర్లకి పాక్లిటాక్సెల్ అని ఇస్తారు. అమెరికా పశ్చిమ తీరంలో పెరిగే యూ అనే చెట్టు బెరడు నుంచి వాల్, వానీ అనే ఇద్దరు తీశారు, 1971లో. అది కూడా ఇదే ట్యూబ్యులిన్‌కి అతుక్కుంటుంది. కానీ వేరే చోట, గొట్టం లోపలి గోడకున్న గుంటలో. అక్కడ కూర్చుని పూసలను ఊడనివ్వదు. దీన్ని 1979లో సుసాన్ హార్విట్జ్ కనిపెట్టినప్పుడు అందరికీ వింతగా అనిపించింది, ఎందుకంటే అప్పటిదాకా తెలిసిన మందులన్నీ తాడు చేరకుండా ఆపేవే. ఒకటి తాడు పేననివ్వదు, రెండోది పేనిన తాడు విప్పనివ్వదు. రెండింటి ఫలితం ఒకటే, లాగుడు ఆగిపోతుంది.

(పక్క సంగతి: పాక్లిటాక్సెల్ నీళ్ళలో కరగదు. మొదటి నుంచీ వాడే రకాన్ని ఆముదం నుంచి తయారు చేసిన ఒక ద్రావకంలో కలుపుతారు. ఆ ద్రావకం కొందరికి అలర్జీ తెస్తుంది కాబట్టే ముందు స్టెరాయిడ్, అలర్జీ మందు ఇస్తాం. ఒక పెద్దావిడ "ఆముదమే కదా బాబూ, మా అమ్మ చిన్నప్పుడు పోసేది, నాకేం కాదు" అని ముందు వేసుకోమన్న మాత్రలు చీర కొంగున కట్టుకుంది. డ్రిప్పు మొదలుపెట్టే ముందు సిస్టర్ అడిగితే కొంగు విప్పి చూపించింది. ఆ రోజు డ్రిప్పు రెండు గంటలు ఆలస్యం.)

అతుక్కోవడం అంటే జిగురు పెట్టినట్టు కాదు. ప్రొటీన్ మీద ఒక గుంట ఉంటుంది, దానికో ఆకారం, అక్కడక్కడా కొద్దిపాటి ప్లస్, మైనస్ ఆవేశాలు, నూనెలాంటి మూలలు. మందు అణువు ఆ ఆకారానికి సరిపోయి, తన వైపు నూనె భాగం అటు నూనె మూలకి, తన హైడ్రోజన్ అటు ఆక్సిజన్‌కి తగిలేలా ఒదిగితే కాసేపు ఉంటుంది. మళ్ళీ ఊడుతుంది, మళ్ళీ చేరుతుంది. రక్తంలో మందు ఎంత ఉందన్న దాన్ని బట్టి గుంటల్లో ఎన్ని నిండి ఉంటాయో తేలుతుంది. డోసు గురించి మేం చాదస్తంగా ఉండేది అందుకే.

ఆ ఒదుగుడు ఎంత సున్నితమో రెండు ఉదాహరణలు చెబుతాను. విన్‌బ్లాస్టిన్‌కీ విన్‌క్రిస్టీన్‌కీ తేడా ఒక చిన్న మూల. ఒకదానిలో మిథైల్, రెండోదానిలో ఫార్మైల్. మిగతా అంతా కవల పిల్లలే. అయినా విన్‌బ్లాస్టిన్ ఎక్కువగా ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, విన్‌క్రిస్టీన్ ఎక్కువగా నరాలను. రెండో ఉదాహరణ ఇంకా విచిత్రం. హిమాలయాల్లో దొరికే పోడోఫిలమ్ వేరులోని విషం మామూలుగా ట్యూబ్యులిన్‌కే అతుక్కుంటుంది. దానికి కొద్దిగా మార్పులు చేసి, ఒక చక్కెర ముక్క తగిలించి ఎటోపొసైడ్ చేశారు. అది ట్యూబ్యులిన్‌ని వదిలేసి టోపోఐసోమరేజ్-2 అనే వేరే ప్రొటీన్ మీద పనిచేయడం మొదలెట్టింది! మెలిపడిన డీఎన్ఏని కోసి, మెలి తీసి, మళ్ళీ అతికించే ప్రొటీన్ అది. మందు సరిగ్గా కోసిన చోట చేరి అతకనివ్వదు. పెద్దపేగు క్యాన్సర్‌కి వాడే ఇరినోటికాన్ కూడా ఇలాంటిదే, కాకపోతే అది టోపోఐసోమరేజ్-1 మీద. దాని మూల పదార్థం చైనా చెట్టు ఒకదానిలోది. ఆ పదార్థం మన పడమటి కనుమల్లో పెరిగే ఒక చిన్న చెట్టులో కూడా దొరుకుతుంది.

ఆ చైనా చెట్టు తన విషానికి తానెందుకు చావదు? ఇది నా స్టూడెంట్లు ఎప్పుడూ అడుగుతారు. 2008లో తేలింది, ఆ చెట్టు తన టోపోఐసోమరేజ్‌లో ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చుకుందని. గుంట ఆకారం మారింది, మందు ఒదగదు. అంతకంటే ఆశ్చర్యం, ఈ మందుకి లొంగకుండా పోయిన మనిషి లుకేమియా కణాల్లో కూడా సరిగ్గా అదే మార్పు ముందే కనిపించింది. కొన్ని క్యాన్సర్లు మందుకి మొండికేసే దారుల్లో ఇదొకటి. ఇంకొక దారి, కణం పొరలో ఉండే పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు. లోపలికి వచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. విన్‌క్రిస్టీన్, పాక్లిటాక్సెల్, ఎటోపొసైడ్ మూడూ దీనికి దొరికిపోతాయి. అందుకే ఒక్క మందుతో కాకుండా రకరకాల ప్రొటీన్ల మీద పనిచేసేవి నాలుగైదు కలిపి ఇస్తారు.

మీ వాడి లిస్టులో మెథోట్రెక్సేట్ అని కూడా ఉంటుంది చూడండి. అది మొక్కది కాదు కానీ దాని వెనక మనవాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారు చేసిన మందుల కుటుంబం అది. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువు, దాని స్థానంలో ఒక ఎంజైములో కూర్చుని డీఎన్ఏ తయారీని ఆపుతుంది. దాని అన్నలాంటి అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో మొదటిసారి జబ్బు తాత్కాలికంగా తగ్గడం చూపించారు. అప్పట్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలు నెలల్లో పోయేవారు. ఇప్పుడు మంచి సెంటర్లలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా బతుకుతున్నారు. ఇదెందుకు చెప్పానంటే, "బలానికి" అని మెడికల్ షాపులో విటమిన్ టానిక్ కొని అడగకుండా పట్టకండి. చాలా టానిక్కుల్లో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మెథోట్రెక్సేట్ కూర్చోవాల్సిన పీట మీదకి దాని పోటీదారుని మనమే పంపినట్టు.

ఇక మూడో ప్రశ్న, మొక్కదైతే సైడ్ ఎఫెక్ట్ ఎందుకు? మొక్క దాన్ని మన కోసం చేసుకోలేదు. తనని తినేవాటిని తరమడానికి చేసుకుంది. మన పొలం గట్ల మీద పూసే అడవినాభిలో కోల్చిసిన్ ఉంటుంది, అదీ ట్యూబ్యులిన్‌కే అతుక్కుంటుంది. దాని దుంప తిని ప్రాణాల మీదకి తెచ్చుకున్నవాళ్ళున్నారు. ట్యూబ్యులిన్ క్యాన్సర్ కణంలోనే కాదు, ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది. త్వరగా చీలే కణాలకి ఎక్కువ దెబ్బ తగులుతుంది, అంతే తేడా. నరాలు చీలవు, కానీ వాటికి ఆ తాళ్ళు వేరే పనికి కావాలి: వెన్ను దగ్గర తయారైన సరుకుని నరం చివరి దాకా చేరవేసే పట్టాలు అవే. అన్నిటికన్నా పొడవైన నరం పాదానిది. కాబట్టి దెబ్బ ముందు కాలి వేళ్ళ దగ్గర తెలుస్తుంది. పేగుల నరాలు మందగిస్తే మలబద్ధకం.

పసుపు గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారని తెలుసు. కూరలో, పాలలో వేసే పసుపు నిక్షేపంగా వాడండి. కర్క్యుమిన్ క్యాప్సూల్స్ మాత్రం వద్దు. కర్క్యుమిన్ ల్యాబ్ గిన్నెలో కనపడిన ప్రతి ప్రొటీన్‌కీ తగులుకుంటుంది, అది గొప్ప కాదు, లోపం. నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది నామమాత్రం. ఆ లోపం పూడ్చడానికి క్యాప్సూల్‌లో మిరియాల సారం పైపెరిన్ కలుపుతారు. పైపెరిన్ కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే సీవైపీ-3ఏ4 ఎంజైముని, ఇందాక చెప్పిన పంపుని అడ్డగించగలదు. విన్‌క్రిస్టీన్‌ని విరగ్గొట్టే ముఖ్యమైన ఎంజైముల్లో అదొకటి. చారులో వేసే నాలుగు మిరియాలతో భయం లేదు, క్యాప్సూల్‌తోనే ఇబ్బంది. పంపరపనస కూడా అడగకుండా పెట్టకండి. దాని చుట్టం గ్రేప్‌ఫ్రూట్ ఈ ఎంజైమునే ఆపుతుంది.

ఏటా ప్రాజెక్టు పిల్లలు నా దగ్గరికొస్తారు, "సార్, తులసిలో పదార్థం క్యాన్సర్ ప్రొటీన్‌కి అతుక్కుంటోంది, డాకింగ్ స్కోరు బ్రహ్మాండంగా ఉంది" అని. మందు ప్రొటీన్‌కి ఎంత బాగా అతుకుతుందో కంప్యూటర్ లెక్కేసి ఇచ్చే మార్కు అది. కంప్యూటర్ తెర మీద అతుక్కోవడం మొదటి మెట్టు, తప్పు లేదు. అమెరికా క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా లక్షకు పైగా మొక్కల సారాల్ని పరీక్షించింది. అన్నింట్లో పేరుమోసినవి పాక్లిటాక్సెల్, ఇరినోటికాన్ కుటుంబం, రెండే. వాట్సాప్‌లో వచ్చే "క్యాన్సర్‌ని చంపే ఆకు" లెక్కేంటో మీరే చూసుకోండి.

నా అనుభవంలోవి రెండు చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, ఒక పిల్లాడికి ప్రతి వారం తెల్ల కణాలు అనుకున్న దానికన్నా ఎక్కువ పడిపోయేవి, కీమో రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి వాళ్ళ నాయనమ్మ నన్ను పక్కకి పిలిచి, "నేనే రోజూ బిళ్ళగన్నేరు రసం పోస్తున్నాను, డాక్టరమ్మకి చెప్పకు నాయనా" అంది. చెప్పాను. రసం ఆగాక కౌంటు కుదురుకుంది. అది రసం వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను, ఆ జబ్బులో కౌంట్లు వాటంతట అవీ ఊగుతాయి. కానీ ఆ రెండు వాయిదాల్లో పోయిన వారాలు తిరిగి రావు. ఇంకో భయం కూడా ఉంది: కౌంటు తక్కువున్న పిల్లాడికి కడిగీ కడగని పచ్చి ఆకు రసం పట్టడమంటే క్రిముల్ని చేతులారా లోపలికి పంపడం.

రెండోది పెద్దాసుపత్రుల్లో కూడా జరిగేదే. నోట్లో ఫంగస్ అని బయట ఒక క్లినిక్‌లో ఇట్రాకోనజోల్ రాశారు, అక్కడ కీమో సంగతి అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. అదీ ఆ ఎంజైమునే ఆపుతుంది. డోసు మారలేదు, కానీ ఒంట్లో విన్‌క్రిస్టీన్ ఎక్కువసేపు నిలిచిపోయింది. పదో రోజుకి ఆ పిల్లకి పొట్ట ఉబ్బి, దవడ నొప్పితో అన్నం నమల్లేక, పాదం ఎత్తలేక వచ్చింది. కోలుకుంది, నెలలు పట్టింది. బయట ఏ డాక్టరు ఏ మందు రాసినా, జలుబు మాత్రైనా సరే, ముందు కీమో చీటీ చూపించండి.

ఇప్పుడు చెప్పు సంగతి. పాదాన్ని పైకి ఎత్తే కండరాల నరం మందగిస్తే, నడుస్తుంటే ముందుపాదం వేలాడుతుంది. హవాయి చెప్పు నిలవదు. మేం వార్డులో ఎన్నోసార్లు చూశాం, తల్లులు మొట్టమొదట గమనించేది ఇదే, కానీ అల్లరనుకుంటారు. ఈ సాయంత్రం వాణ్ణి ఆటలాగా మడమల మీద నాలుగడుగులు నడవమనండి, వేళ్ళు నేలకి తగలకుండా. నడవలేకపోయినా, ఒక పాదం కిందికి వాలిపోతున్నా అదే మాట డాక్టరుకి చెప్పండి. మెట్లెక్కేటప్పుడు తడబాటు, దవడ నొప్పి, ఎన్ని రోజులకోసారి విరేచనం, ఇవీ చెప్పండి. వచ్చే డోసు తగ్గించాలా, ఒకటి ఆపాలా అన్నది వాళ్ళు చూస్తారు. మీ అంతట మీరు ఇంజెక్షన్ మానిపించకండి. చాలామందికి ఇది నెమ్మదిగా సర్దుకుంటుంది.

ఇంజెక్షన్ ఎక్కేటప్పుడు చెయ్యి మండుతోందని వాడు అంటే అక్కడే సిస్టర్‌కి గట్టిగా చెప్పండి, ఓర్చుకో నాన్నా అనకండి. మందు రక్తనాళం దాటి కండలోకి కారితే పుండు పడుతుంది.

చెప్పుకి వెనక పట్టీ ఉన్న శాండిల్ కొనండి. వాణ్ణి తిట్టడం మానేయండి. మొక్కని పీకక్కర్లేదు, ఆకు మాత్రం కోయకండి.